గోలు కొట్టేవాడు కరవు... కళాశాల ఫుట్‌బాల్ జట్లకు ముందువరుసే బలహీనత

ఆర్మూర్: 2025 డిసెంబరు 13న హైదరాబాద్ ఉప్పల్ మైదానం ఫుట్‌బాల్ నామస్మరణతో మారుమోగిన సంగతి విదితమే. అర్జెంటీనా దిగ్గజం లియోనెల్ మెస్సీని కళ్లారా చూసేందుకు జనం పోటెత్తారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సైతం ఆటగాడి దుస్తుల్లో మైదానంలోకి దిగి బంతిని తన్నారు. మెస్సీ పేరున్న చొక్కాలు నేడు మండల కేంద్రాల దుకాణాల్లోనూ వేలాడుతున్నాయి. ఆ చొక్కాలు తొడుక్కునే కుర్రాళ్లే కళాశాల జట్టులో చేరి అంతర కళాశాలల పోటీలకు వెళ్లినప్పుడు మాత్రం గోలు కొట్టేవాడు లేక రిక్తహస్తాలతో తిరిగివస్తున్నారు. ఆటలో ఓడిపోవడం వింత కాదు. ఒక్క గోలైనా చేయకుండా ఓడిపోవడం, లేదా గోలే లేని ఆటను పెనాల్టీ కిక్‌ల పుణ్యమా అని గట్టెక్కించడం పరిపాటిగా మారడమే ఆలోచించవలసిన విషయం.

అంతర కళాశాలల పోటీలను ఏటా చూసేవారికి ఒక దృశ్యం కంఠస్థమై ఉంటుంది. గోల్‌కీపర్ బంతిని అందిస్తాడు. రక్షణ వరుస తొట్రుపాటు లేకుండా దానిని మధ్యవరుసకు చేరవేస్తుంది. సగం మైదానం దాటేవరకు ఆట చూడముచ్చటగానే సాగుతుంది. ఆపైనే చిక్కంతా. బంతి ఏదో ఒక అంచునకు పోతుంది. అక్కడ వంద మీటర్ల పరుగులో కళాశాలకు పతకం తెచ్చిన కుర్రాడు కాచుకుని ఉంటాడు. గుర్రంలా దౌడు తీసి మూలకు చేరుకుంటాడు. చేరాక తలెత్తి చూడకుండానే బంతిని లోపలికి తన్నుతాడు. గోలు ముందు ఉండవలసిన ఫార్వర్డ్ అప్పటికింకా పెనాల్టీ ఏరియా బయటే ఉంటాడు, లేకుంటే ప్రత్యర్థి డిఫెండర్ వీపు వెనుక మరుగునపడి ఉంటాడు. బంతి ఎవరి కాలికీ తగలకుండా అవతలి అంచు దాటిపోతుంది. పది నిమిషాలకోసారి ఇదే తంతు. విసిగిపోయిన మధ్యవరుస ఆటగాడు ముప్పై మీటర్ల దూరం నుంచే గోలువైపు బలంగా తన్నుతాడు. అది పోస్టుల మీదుగా వెళ్లి తుమ్మచెట్లలో పడుతుంది. ఉన్నది ఒక్క బంతే కనుక వెతికి తెచ్చేవరకు ఆట ఆగుతుంది.

ఓటమి తరువాత నింద మాత్రం ఫార్వర్డ్ మీదనే పడుతుంది. వాడికి ధైర్యం లేదని, ఒడ్డూపొడుగూ చాలదని, మన తిండిలో బలం లేదని రకరకాల మాటలు వినిపిస్తాయి. ఈ వాదనల్లో పస లేదు. అదే తిండి తిన్న కుర్రాడు కబడ్డీలో ఏడుగురి మధ్యకు కూతకు వెళ్లి ఇద్దరిని తాకి వస్తున్నాడు. ధైర్యానికి కొదవ లేదు. కొదవ ఉన్నది అలవాటుకు. గోలు ముందు నిలబడి ఏం చేయాలన్నది అతనికి ఎవరూ నేర్పలేదు, నేర్చుకునేటన్ని ఆటలు అతడు ఆడనూ లేదు.

ఈ బలహీనత మన కళాశాలలకే పరిమితం కాదన్నది గమనార్హం. దేశం జట్టుదీ ఇదే అవస్థ. 2024 సంవత్సరంలో భారత పురుషుల జట్టు 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. ఆరింటిలో ఓడి, ఐదింటిని డ్రా చేసుకుంది. ఆ 11 మ్యాచ్‌లలో మనవాళ్లు కొట్టిన గోల్స్ నాలుగే. వీటిలో మూడు మ్యాచ్‌లు హైదరాబాద్ గచ్చిబౌలి మైదానంలోనే జరిగాయి. సెప్టెంబరు 3న మారిషస్‌తో 0-0, సెప్టెంబరు 9న సిరియా చేతిలో 0-3, నవంబరు 18న మలేషియాతో 1-1. సొంతగడ్డపై మూడు ఆటలకు కలిపి తెలుగు ప్రేక్షకులు చూసిన భారత గోలు ఒక్కటంటే ఒక్కటి. దానిని సాధించినవాడు రాహుల్ భేకే. అతడు ఫార్వర్డ్ కాదు, రక్షణ వరుస ఆటగాడు. కార్నర్ కిక్ సమయంలో ముందుకు వచ్చి తలతో కొట్టాడు.

మరుసటి ఏడాదీ పరిస్థితి పెద్దగా మెరుగుపడలేదు. గోల్స్ కోసం దిక్కుతోచక, 2024 జూన్‌లో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు పలికిన సునీల్ ఛెత్రిని 2025 మార్చిలో 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించుకున్నారు. అతడు రాగానే మాల్దీవులపై 3-0తో గెలిచారు. ఆరు రోజులకే బంగ్లాదేశ్‌తో గోలు లేని డ్రా. జూన్‌లో థాయ్‌లాండ్ చేతిలో 0-2, హాంకాంగ్ చేతిలో 0-1 ఓటములు. అక్టోబరు 14న మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ ఆశలు వదులుకున్నారు. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ 0-1 ఓటమే. ఈ మధ్యలో ఇగోర్ స్టిమాక్, మనోలో మార్క్వెజ్, ఖాలిద్ జమీల్ అని ముగ్గురు శిక్షకులు మారారు. శిక్షకుడిని మారిస్తే ముందువరుస పుట్టుకురాదని ఇంతకంటె స్పష్టంగా చెప్పే దృష్టాంతం ఉండదు.

ఛెత్రి సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. తండ్రి సైన్యంలో పనిచేసినందున ఆట నేర్చుకున్నది మాత్రం వేరే ఊళ్లలో. అది వేరే సంగతి. అతడి తరువాత ఎవరన్న ప్రశ్నకు పదేళ్లుగా సమాధానం దొరకలేదు. కారణం కోసం వెతికితే మొదట కనబడేది ఇండియన్ సూపర్ లీగ్. 2014లో మొదలైనప్పటి నుంచి 2024-25 వరకు 11 సీజన్లు జరిగాయి. అత్యధిక గోల్స్ వీరుడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారీ భారతీయుడికి దక్కలేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ విజేతగా నిలిచినప్పుడు నైజీరియాకు చెందిన ఓగ్బెచె 18 గోల్స్‌తో ఆ జట్టును భుజాలపై మోశాడు. మైదానంలో ఏకకాలంలో నలుగురు విదేశీయులను ఆడించవచ్చు. ఏ యజమాని అయినా ఆ నలుగురిలో ఒకరిని గోలు కొట్టేందుకే కొనుక్కుంటాడు. అందులో తప్పుపట్టవలసింది లేదు. డబ్బు పెట్టేవాడికి ఫలితం ఈ సీజన్‌లోనే కావాలి. కానీ, ఆ స్థానం మనవాడికి దక్కదని తెలిసిన శిక్షకుడు పద్నాలుగేళ్ల చురుకైన కుర్రాడిని అంచు ఆటగాడిగానో, డిఫెండర్‌గానో మలుస్తున్నాడు. నడిమధ్య ఫార్వర్డ్ స్థానానికి కింది నుంచే నారు పోయడం మానేశారు. కాగా, 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీయే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. తెలుగు కుర్రాడు చూసి నేర్చుకునేందుకు ఆ ఒక్క జట్టూ లేకుండా పోయింది.

నిజానికి ఫార్వర్డ్‌లను తయారుచేయడం ఈ గడ్డకు కొత్త విద్య కాదు. సికింద్రాబాద్ పరిసరాల్లో పేదరికంలో పెరిగిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై ఒకటి, పెరూపై ఒకటి గోల్స్ సాధించాడు. ఒలింపిక్స్‌లో గోలు కొట్టిన ఆ చేయితిరిగిన ఆటగాడు 2023 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు మన పత్రికల్లో ఎంత చోటు దక్కిందో పాఠకులకు తెలియనిది కాదు. అదే ఏడాది ఆగస్టు 15న మరణించిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీయే. కలకత్తా మైదానాలను ఏళ్లతరబడి ఏలిన ముందువరుస ఆటగాడు, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం నెగ్గిన జట్టు సభ్యుడు. ఆ తరువాతి తరంలో షబ్బీర్ అలీ. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ నెగ్గాయి. ఆ తరువాత తెలుగునేలకు ఆ ట్రోఫీ రాలేదు.

ఈ వైభవానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన ‘మైదాన్’ చిత్రం పుణ్యమా అని ఆయన పేరు కొత్త తరానికి చేరింది. ఆయన ఆధ్వర్యంలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. సినిమాలో భావోద్వేగాలకు దక్కిన చోటు ఆయన పనితీరుకు దక్కలేదనిపిస్తుంది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం పద్ధతి ఉపాధ్యాయుడి పద్ధతే. హైదరాబాద్‌లో ఆయన బంతిని కాలివద్ద అట్టేపెట్టుకోరాదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో మరికొన్ని పోటీలు. చూడటానికి పిల్లలాటలా ఉన్నా వీటి ప్రయోజనం గొప్పది. బంతి అందిన క్షణంలోనే నిర్ణయం తీసుకోవడం, ఏ కాలికి అందితే ఆ కాలితో గోలువైపు మళ్లించడం, ఈ రెండే ఫార్వర్డ్‌కు కావలసినవి. 1962 ఫైనల్‌లో తలకు గాయమై కట్టు కట్టుకున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందువరుసలో ఆడించారు. దక్షిణ కొరియాపై 2-1 విజయంలో ఒక గోలు పి.కె.బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌దే. ఎవరిని ఎక్కడ నిలిపితే గోలు వస్తుందో తెలిసిన శిక్షకుడంటే అలా ఉండాలి.

మరి నేటి జిల్లా కుర్రాడికి ఆ నేర్పు అందే మార్గమేది? ఉన్నత పాఠశాలలో పీఈటీ ఉన్నచోట పదో తరగతి వరకు ఏదో ఒక ఆట ఆడతాడు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-14, అండర్-17 పోటీలు జరుగుతాయి. అసలు గండి పడేది ఆ తరువాతే. పదిహేను, పదహారేళ్లకు ఇంటర్‌లో చేరతాడు. ప్రైవేటు జూనియర్ కళాశాలల్లో అధికభాగం అంతస్తుల భవనాలకే పరిమితం. మైదానం మాట దేవుడెరుగు, ఎండ తగిలే వరండా ఉంటే అదే పదివేలు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం వారాంతపు పరీక్ష. ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, ముగిసేవరకు బంతి ముట్టుకుంటే నేరం. అండర్-19 పోటీలకు పంపమని అడిగే తండ్రి లేడు, పంపే యాజమాన్యమూ అరుదే. ప్రపంచంలో ఎక్కడైనా ఫార్వర్డ్ రూపుదిద్దుకునేది పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య. సరిగ్గా ఆ వయసులో మన కుర్రాడి చేతిలో మెటీరియల్ పుస్తకాలుంటాయి.

రక్షణ వరుసకు ఈ గండి అంతగా నష్టం చేయదు. బలం, ఓర్పు, క్రమశిక్షణ ఉన్న యువకుడు పద్దెనిమిదేళ్లకు మొదలుపెట్టినా ఏడాదిలో మోస్తరు డిఫెండర్ కాగలడు. ఎదుటివాడిని ఆపడం, బంతిని దూరంగా తన్నడం అతని పని. ఫార్వర్డ్ పని అలాంటిది కాదు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తున్న గోలు ముందు గోల్‌కీపర్ ఎటు కదులుతున్నాడో, వెనుక నుంచి డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడో రెప్పపాటులో గ్రహించాలి. ఇది చెబితే వచ్చేది కాదు. వందలసార్లు తప్పి, వందలసార్లు తన్నితేనే పట్టుబడుతుంది. రెండేళ్లు ఆట మానేసి డిగ్రీలో తిరిగి వచ్చినవాడు ముందువరుసలో వట్టి ఆకారంగా మిగిలిపోవడానికి కారణం ఇదే.

డిగ్రీలో చేరాక అయినా ఆ లోటు పూడుతుందా అంటే అదీ లేదు. ఇక్కడే పోటీల నిర్వహణ పద్ధతిని పరిశీలించాలి. అంతర కళాశాలల పోటీలు సాధారణంగా రెండు మూడు రోజుల్లో నాకౌట్ పద్ధతిన ముగుస్తాయి. పదహారు జట్లు వచ్చాయనుకుందాం. వాటిలో ఎనిమిది ఒక్క మ్యాచ్‌తోనే ఇంటిముఖం పడతాయి. మరో నాలుగింటికి రెండేసి మ్యాచ్‌లు. ఫైనల్‌కు చేరిన రెండు జట్లకు మాత్రమే నాలుగు మ్యాచ్‌లు దక్కుతాయి. అంటే సగం కళాశాలల ఫార్వర్డ్‌లకు ఏడాది మొత్తానికి దొరికేది ఒక్క మ్యాచ్. అందులో రెండు మూడు అవకాశాలు వస్తే గొప్ప. అవి చేజారితే మళ్లీ వచ్చే ఏడాదే. మూడేళ్ల డిగ్రీ అలాగే గడిచిపోతుంది. అదే ఎనిమిది జట్లు లీగ్ పద్ధతిలో ఆడితే ఒక్కో జట్టుకు ఏడు మ్యాచ్‌లు ఉంటాయి.

నాకౌట్ వల్ల మరో అనర్థం ఉంది. దీనిని చాలామంది గుర్తించడం లేదు. ఒక్క గోలు ఇచ్చుకుంటే ఆట ముగిసినట్లే కనుక ప్రతి శిక్షకుడూ ముందు గోలు పడకుండా చూసుకుంటాడు. జట్టులో కాస్త ఆట వచ్చినవాళ్లందరినీ వెనుక వరుసలో, మధ్యవరుసలో నిలుపుతాడు. మిగిలినవాడిని, అంటే బంతి సరిగా ఆపడం రానివాడిని, ముందుకు నెడతాడు. అక్కడ తప్పు చేసినా నష్టం తక్కువని లెక్క. పెనాల్టీ కిక్‌ల దాకా ఈడ్చుకుపోతే గోల్‌కీపర్ ఆదుకుంటాడని ఆశ. ఒక రకంగా ఈ లెక్క తెలివైనదే. ఆ శిక్షకుడి స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. అందుచేత తప్పు అతనిది కాదు, పోటీల పద్ధతిది. కబడ్డీలో కూతకు వెళ్లేవాడు లేకుండా జట్టు కట్టే పెద్దమనిషి మన పల్లెల్లో ఎక్కడా కనబడడు. ఫుట్‌బాల్‌లో మాత్రం అటువంటి జట్లనే ఏటా బస్సెక్కిస్తున్నాం.

సాధన సంగతి చెప్పాలంటే మరీ దయనీయం. ఒకే ఫిజికల్ డైరెక్టర్ కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, అథ్లెటిక్స్, ఫుట్‌బాల్ అన్నీ చూసుకోవాలి. ఒకే కుర్రాడు మూడు ఆటల్లో ఉంటాడు. పోటీలకు వారం ముందు జట్టు పేర్లు రాస్తారు. గోలు కొట్టే సాధనకు కనీసం పది బంతులు, ఒక గోల్‌కీపర్, బంతిని ఆపే వల కావాలి. వల లేని పోస్టుల్లోకి ఒకే బంతితో సాధన చేస్తే అరగంటలో ఒక్కొక్కరికి ఐదారు తన్నులు దక్కవు. మిగతా సమయమంతా పరుగెత్తి బంతి తేవడానికే సరి. విద్యార్థుల నుంచి గేమ్స్ ఫీజు వసూలవుతూనే ఉంది. అందులో పెద్ద భాగం పోటీల ముందు కొనే కొత్త చొక్కాలకు, ప్రయాణ ఖర్చులకు పోతుంది.

ఈ చీకట్లో మన జిల్లాకే చెందిన ఒక వెలుగును ప్రస్తావించక తప్పదు. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టు ముందువరుసలో ఆడుతోంది. 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఎంపికైంది. ఆపై ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరింది. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెకే దక్కింది. పరుగు పందేలతో మొదలుపెట్టిన తండా బాలిక చిన్నవయసులోనే ఫుట్‌బాల్ శిక్షకుడి కంటపడటం, ఆట ఎక్కడా ఆగకపోవడం వల్లే ఇది సాధ్యమైంది. ఒడ్డూపొడుగూ, తిండీ అంటూ సాకులు చెప్పేవారు ఈ ఉదాహరణను ఒకసారి గుర్తుచేసుకోవాలి. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ గ్రామీణ బాలబాలికలకు చిన్ననాటి నుంచే వసతితో కూడిన శిక్షణ, లీగ్ పోటీలు నడపడం కూడా ఈ కోవలోనిదే. అంటే తెలుగునాట పల్లె పిల్లలకు ఆట రాదన్న మాట సరికాదు. ఆట వచ్చేటట్లు చేసిన చోట వస్తోంది.

ఇక కుర్రాళ్లను ఈ ఆటలో నిలబెట్టేది ఉద్యోగం. సంతోష్ ట్రోఫీ 2024-25 తుదిదశ హైదరాబాద్‌లో జరిగింది. ఆతిథ్యమిచ్చిన తెలంగాణ క్వార్టర్ ఫైనల్‌కు చేరలేకపోయింది. 2024 డిసెంబరు 31న కేరళపై 1-0తో బెంగాల్ గెలిచింది. ఆ గోలు కొట్టిన సంతాల్ యువకుడు రబీ హన్స్‌దా మొత్తం 12 గోల్స్‌తో టోర్నీలో అగ్రస్థానంలో నిలిచాడు. తిరిగి వెళ్లగానే ఆ రాష్ట్ర ప్రభుత్వం విజేత జట్టుకు పోలీసు ఉద్యోగాలు ప్రకటించింది. ఒకప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ చేసింది సరిగ్గా ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో క్రీడాకోటాను 2024లో 3 శాతానికి పెంచారు. అయితే ఆ కోటా కింద దరఖాస్తుకు జాతీయ, అంతర విశ్వవిద్యాలయాల స్థాయి ధ్రువపత్రాలు కావాలి. గోలు కొట్టని జట్టు మొదటి రోజే వెనుదిరిగితే అందులోని పదకొండు మందిలో ఏ ఒక్కరికీ ఆ కాగితం దక్కదు. రక్షణలో ప్రాణం పెట్టి ఆడిన కుర్రాడూ దాని కోసం మరో ఏడాది ఆగవలసిందే. ముందువరుస బలహీనతకు మూల్యం చెల్లిస్తున్నది మొత్తం జట్టు.

దీనికి కోట్ల రూపాయల పథకాలు అక్కరలేదు. జిల్లాలోని కళాశాలలను నాలుగేసి జట్ల బృందాలుగా విడదీసి, ముందు లీగ్ మ్యాచ్‌లు, ఆపై నాకౌట్ ఆడిస్తే ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలు దక్కుతాయి. కొత్త చొక్కాల బదులు ఏడాదికి పది బంతులు, రెండు వలలు కొనవచ్చు. వారానికొకసారి కళాశాలలోనే ఐదుగురేసి జట్లతో చిన్న మైదానంలో ఆడిస్తే ఒక్కో కుర్రాడికి గోలు ముందు దొరికే అవకాశాలు అనేక రెట్లు పెరుగుతాయి. రహీం పెట్టిన నియమాలను ఆ ఆటలో అమలు చేయడానికి పైసా ఖర్చు లేదు. వీటన్నింటికంటె కష్టమైనది ఇంటర్ రెండేళ్ల గండిని పూడ్చడం. అది కళాశాలల పీడీల చేతిలో లేదు. మైదానం లేని జూనియర్ కళాశాలలకు అనుమతులిచ్చే అధికారుల చేతిలో ఉంది. అక్కడ కదలిక వస్తుందని ఈ రచయితకు నమ్మకం తక్కువ. డిగ్రీ స్థాయిలో మార్పు మాత్రం సాధ్యమే.

లీగ్ పద్ధతికి అడ్డంకిగా అందరూ చెప్పేది ఖర్చు. మూడు రోజుల పోటీ మూడు వారాలకు విస్తరిస్తే రిఫరీల భత్యం, జట్ల ప్రయాణం, మధ్యాహ్న భోజనం ఎవరు భరించాలన్నది న్యాయమైన ప్రశ్నే. బృందంలోని నాలుగు కళాశాలలు ఒకే డివిజన్‌వి అయితే ఉదయం బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు, బస ఖర్చు ఉండదు. రిఫరీలుగా వ్యాయామ విద్య కళాశాలల విద్యార్థులను పిలిస్తే వారికీ అనుభవం వస్తుంది. సెమిస్టర్ పరీక్షల తేదీలతో ముడిపడకుండా ఈ మ్యాచ్‌లను శనివారాలకు సర్దుబాటు చేయాలంటే మాత్రం క్రీడల వార్షిక ప్రణాళిక ఖరారయ్యేనాటికే కళాశాలల ప్రిన్సిపాళ్లు, పీడీలు ఒక మాట అనుకుని విశ్వవిద్యాలయం ముందు పెట్టవలసి ఉంటుంది.